భట్టిప్రోలుకు 99 అక్షరాలు: తెలుగు వికీపీడియా చిరునామాల మీద ఒక డీటీపీ షాపు సమీక్ష

మొన్న సంక్రాంతికి భట్టిప్రోలులో చదువుకున్న ఒక పదో తరగతి బ్యాచ్ వాళ్లు 30 ఏళ్ల తర్వాత కలుసుకున్నారు. వాళ్ల ఆత్మీయ సమ్మేళనం పుస్తకం వేసింది మా షాపే. రేపల్లెలో డీటీపీ, జిరాక్సు, ఫ్లెక్సీ డిజైనింగు పెట్టుకుని 16 ఏళ్లవుతోంది. ఆ పుస్తకం 32 పేజీలు, 300 కాపీలు. అంతా సర్దాక చివరి అట్ట లోపలి వైపు జానెడు చోటు మిగిలింది. "అక్కా, అక్కడ మన ఊరి వికీపీడియా లింకు వేసెయ్. స్తూపం గురించి, శాసనాల గురించి పిల్లలు చూసుకుంటారు" అన్నాడు పుస్తకం పని చూస్తున్న తమ్ముడు. సరేనని పేజీ తెరిచి, పైనున్న చిరునామా కాపీ చేసి, పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేశాను. రెండు వరుసలు నిండి మూడో వరుసలోకి దిగింది. శాతం గుర్తు, ఈ, సున్నా, శాతం గుర్తు, బీ, సున్నా, శాతం గుర్తు, ఏ, డీ... ఇదే వరస. ఎంత వెతికినా అందులో భట్టిప్రోలు కనపడదు. ప్రూఫు చూసి ఆ తమ్ముడు "ఏంటక్కా ఇది, వైరస్ ఏమన్నా పట్టిందా?" అని అడిగాడు.

వైరస్ కాదు. అది ఏమిటో, దాన్ని ఎలా లొంగదీసుకోవాలో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ వారంలో తెలుగు వికీపీడియా మీద నాకు గౌరవం పెరిగింది, రెండు మూడు ఫిర్యాదులు కూడా మిగిలాయి. వ్యాసాలు బాగున్నాయా లేదా అన్న సంగతి చాలామంది మాట్లాడుతుంటారు. చిరునామాల సంగతి మాత్రం ఎవరూ ఎత్తగా నేను వినలేదు. అచ్చు పనిలో ఉన్నవాళ్లకు మాత్రం చిరునామాయే ప్రాణం. ఫోన్లో పంపిన లింకు తప్పయితే ఇంకోటి పంపొచ్చు. 300 కాపీలు పంచేశాక ఇంటింటికీ వెళ్లి దిద్దలేం కదా.

ఈ భయం నాకు ఊరికే రాలేదు. రెండేళ్ల కిందట ఒక పెళ్లి శుభలేఖ మీద కల్యాణ మండపానికి దారి చూపే క్యూఆర్ కోడు వేశాను. ఇంటర్నెట్లో ఉచితంగా కోడు చేసిస్తామన్న ఒక సైటులో చేశాను. ప్రూఫు రోజున స్కాన్ చేస్తే చక్కగా మ్యాపు తెరుచుకుంది. శుభలేఖలు నెల ముందు పంచుతారు. ఆ సైటువాళ్ల ఉచితం మాత్రం 14 రోజులే. పెళ్లి నాడు బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు స్కాన్ చేస్తే మండపం బదులు "డబ్బు కట్టి కోడు మళ్లీ తెరిపించుకోండి" అన్న పేజీ వచ్చింది. పెళ్లికూతురి నాన్నగారు మూడో రోజున మా షాపుకొచ్చి నిలబడి, గట్టిగా ఒక్క మాటన్నా అనకుండా, ఆ శుభలేఖ నా బల్ల మీద పెట్టి వెళ్లారు. ఆయన అరిచినా బాగుండేది. అప్పటి నుంచి ఏ చిరునామా అచ్చు వేయాలన్నా ముందు ఇది ఎవరిది, ఎన్నాళ్లుంటుంది, మధ్యలో ఎవరైనా చెయ్యి చాస్తారా అని చూసుకోవడం అలవాటయింది.

ఆ కళ్లతో వికీపీడియా చిరునామాను ముక్కముక్కలుగా చూశాను. మొదట టీ, ఈ అని రెండక్షరాలు ఉంటాయి. అది తెలుగుకు అంతర్జాతీయంగా ఉన్న భాషా సంకేతం. ఆ తర్వాత వికీపీడియా డాట్ ఆర్గ్. ఆపైన గీత పెట్టి వికీ, మళ్లీ గీత పెట్టి వ్యాసం పేరు. అంతే. మధ్యలో తేదీలు లేవు, ఫోల్డర్ల పేర్లు లేవు, ఏ విభాగం కింద వేశారో ఆ గొడవ లేదు. న్యూస్‌పేపర్ల సైట్లలో చిరునామా చూడండి, జిల్లా, తేదీ, వార్త నంబరు అన్నీ కలిపి గొలుసులా ఉంటుంది. సైటు రూపం మార్చిన రోజున ఆ గొలుసు తెగుతుంది. ఇక్కడ తెగడానికి పేరు తప్ప ఇంకేం లేదు.

చివర ఆర్గ్ అనేది కూడా ఊరికే పెట్టింది కాదు. 2001 జనవరి 15న ఇంగ్లీషులో మొదలైనప్పుడు వికీపీడియా చిరునామా డాట్ కామ్‌తోనే ఉండేది. 2002లో స్పానిష్ భాషలో రాసేవాళ్లు కొందరు, రేపు ఇందులో ప్రకటనలు పెడతారేమోనని భయపడి విడిపోయి, తమ విజ్ఞాన సర్వస్వం తాము పెట్టుకున్నారు. ఆ ఏడాదే డాట్ కామ్ కాస్తా డాట్ ఆర్గ్ అయింది. 2003లో వికీమీడియా ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టి, ఆ పేర్లన్నీ దాని చేతికొచ్చాయి. అదే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. వెన్న నాగార్జున గారు దానికి అంకురం వేశారు. పద్మ అనే లిప్యంతరీకరణ పరికరం చేసినాయన ఆయనే. కంప్యూటర్లో తెలుగు రాయడమే కష్టమైన రోజుల్లో ఎత్తుకున్న పని, ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది. ఒక్క ప్రకటన కూడా లేదు. చందా అడిగే పట్టీ అప్పుడప్పుడు పైన కనపడుతుంది, అంతే.

ఇక ఆ శాతం గుర్తుల దండకం. ఇది వికీపీడియా చేసిన తప్పు కాదని ముందే చెప్పాలి. వెబ్ చిరునామాల నియమాలు పుట్టినప్పుడు అందులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప ఇంకేవీ పట్టవు. తెలుగు అక్షరం వెళ్లాలంటే మారువేషం వేసుకోవాలి. అన్ని లిపుల అక్షరాలకూ ఒక్కో నంబరిచ్చే యూనికోడ్ అనే పట్టికలో తెలుగుకు ఒక వరస ఉంది. ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ ఒక్కో గది. కంప్యూటర్ లోపల ఒక్కో గదికి మూడు బైట్లు. చిరునామాలో ఒక్కో బైటును శాతం గుర్తు పెట్టి రెండక్షరాలతో రాస్తారు. అంటే ఒక తెలుగు గుర్తుకు మూడు మూళ్లు తొమ్మిది.

భట్టిప్రోలును నేను కాగితం మీద విడదీసి చూశాను. భ, ట, పొల్లు, ట, గుడి, ప, పొల్లు, ర, ఓత్వం, ల, కొమ్ము. మొత్తం 11. 11 తొమ్ములు 99. ముందున్న చిరునామా భాగం 30. కలిపి 129 అక్షరాలు. మనం నోటితో పలికేది నాలుగక్షరాలు: భ, ట్టి, ప్రో, లు. భ అంటే శాతం ఈ సున్నా, శాతం బీ సున్నా, శాతం ఏ డీ. అక్షరం వెంట అక్షరం అలా రాసుకుంటూ పోయి చివరి కొమ్ము దగ్గరికి వచ్చేసరికి, కంపోజింగు నేర్చుకున్న రోజుల్లో కీబోర్డు పటం ముందు పెట్టుకుని కూర్చున్నట్టు అనిపించింది. పైగా ఊరు చూస్తే భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వించి, రాతి కరండాల (ధాతువులు దాచిన పెట్టెల) మీద చెక్కిన శాసనాలు బయటికి తీశారు. బ్యూలర్ అనే జర్మన్ పండితుడు ఆ లిపిని చదివి, మామూలు బ్రాహ్మికి అక్కడక్కడా తేడాగా ఉందని చెప్పారు. కుబేరకుడనే రాజు పేరు అందులోనే దొరికింది. క్రీస్తు పూర్వం రాతి మీద అక్షరం చెక్కినవాడు దాన్ని ఎలా కుదురుగా కూర్చోబెట్టాలా అని పడ్డ తంటాయే నేను ఒక అట్ట లోపలి పేజీలో పడ్డాను.

ఇంకో విషయం ఈ లెక్కలోనే తేలింది. వికీపీడియాలో వ్యాసం పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషులో అయితే 255 అక్షరాలు పడతాయి. మనకు 85 గుర్తులే. గుణింతాలూ వత్తులూ కలుపుకుంటే 40 అక్షరాల చిల్లర. పొడుగాటి బిరుదులు, దేవస్థానాల పూర్తి పేర్లు వ్యాసం పేరుగా పెట్టాలంటే ఇబ్బందే. ఇది నాకు కొంచెం బాధ అనిపించింది. మన లిపికి ఇచ్చిన చోటు తక్కువ.

బ్రౌజరు పైన పట్టీలో మాత్రం పేరు తెలుగులోనే కనపడుతుంది. కాపీ చేసి వేరే చోట పెట్టినప్పుడే దండకం వస్తుంది. దీనికి నేను వాడే చిట్కా ఒకటుంది. క్రోమ్‌లో చిరునామా మొత్తం సెలెక్ట్ చేయకుండా, మొట్టమొదటి ఒక్క అక్షరం వదిలేసి మిగతాది కాపీ చేస్తే తెలుగు తెలుగుగానే వస్తుంది. వదిలేసిన అక్షరం చేత్తో కొట్టుకుంటే సరి. అయితే మా డీటీపీ లోకంలో చాలా పని ఇప్పటికీ పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను ఫాంట్ల మీదే నడుస్తోంది. అక్కడ యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాల వరస వస్తుంది. కాబట్టి పేరు మళ్లీ అనులో కొట్టాల్సిందే. చదివే మనిషికి అది పనికొస్తుంది, ఎందుకంటే అతను చూసి తన ఫోన్లో తెలుగులోనే టైపు చేసుకుంటాడు. ఈ సౌకర్యం నాకు చాలా నచ్చింది. చిరునామా నంబరు అయి ఉంటే చూసి కొట్టాలి. పేరయింది కాబట్టి ఫోన్లో చెప్పొచ్చు. మా అమ్మకు కూడా చెప్పాను, "తెలుగు వికీపీడియా, గీత, నిజాంపట్నం" అని. తెరుచుకుంది.

ఇక చిక్కులు. మొదటిది బ్రాకెట్ల చిక్కు. ఒకే పేరుతో ఊళ్లు మనకు లెక్కలేనన్ని. కొత్తపాలెం అంటే ఏ కొత్తపాలెం? అందుకని వికీపీడియాలో ఊరి పేరు పక్కన బ్రాకెట్లో మండలం పేరు పెడతారు. పద్ధతి మంచిదే. ఉత్త పేరు కొడితే అయోమయ నివృత్తి అనే పేజీ వచ్చి, ఇన్ని ఊళ్లున్నాయి, మీకు కావాల్సింది ఏది అని అడుగుతుంది. ఆ మాట ఎవరు పెట్టారో గానీ సరిగ్గా సరిపోయింది. కానీ చిరునామా బ్రాకెట్‌తో ముగిసినప్పుడు కొన్ని మెసేజ్ యాప్‌లు ఆ చివరి బ్రాకెట్‌ను లింకులో కలుపుకోవు, బయట వదిలేస్తాయి. వేలితో నొక్కినవాడికి అలాంటి పేజీ లేదని వస్తుంది. ఊరి పేజీ లేదనుకుని వదిలేస్తాడు. నా దగ్గరికి ఇలా వచ్చినవాళ్లకు ఆ ఒక్క బ్రాకెట్ చివర తగిలించి తెరిచి చూపించాను, చాలాసార్లు.

రెండోది కంటికి కనపడని అక్షరం. దీనితో ఒక సాయంత్రం మొత్తం పోయింది. ఒక టీచరు గారు పిల్లల ప్రాజెక్టు కోసం హైదరాబాద్ పేజీ లింకు పంపారు. తెరిస్తే వ్యాసం లేదు. నేను టైపు చేస్తే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను, అక్షరం తేడా లేదు. చివరికి శాతం గుర్తుల రూపంలోకి మార్చి చూస్తే ఆవిడ పంపినదాని తోకలో ఒక ముక్క ఎక్కువుంది: శాతం ఈ రెండు, శాతం ఎనిమిది సున్నా, శాతం ఎనిమిది సీ. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా కిందికి దిగకుండా ఆపడానికి వాడే గుర్తు అది. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. ఆవిడ ఫోన్లోని కీబోర్డు పొల్లుతో ముగిసే ప్రతి మాట చివరా దాన్ని తనంతట తానే తగిలిస్తోంది. కంటికి ఏమీ కనపడదు. వికీపీడియాకు మాత్రం అది వేరే పేరు, వేరే చిరునామా. మనిషి కంటికి ఒకటిగా కనపడేవి యంత్రానికి రెండు కావడం తెలుగు రాసేవాళ్లందరికీ ఉన్న కష్టమే అయినా, మాట చివర వచ్చే ఆ గుర్తును వికీ తనంతట తానే తీసేసి చూసుకుంటే ఎంతోమందికి మేలు జరుగుతుంది. ఎప్పటికైనా చేస్తారని ఆశ.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతికి వస్తాను. దారిమార్పు.

2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. రేపల్లె, భట్టిప్రోలు గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. ఆ రెండు నెలలు నాకు తీరిక లేదు. లెటర్‌హెడ్లు, బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపులు, స్కూళ్ల బోర్డులు అన్నిటి మీదా గుంటూరు తీసి బాపట్ల వేయాలి. పాత లెటర్‌హెడ్ల కట్టలు మా మెట్ల కింద ఇప్పటికీ ఉన్నాయి, వెనక వైపు రఫ్ కాగితాలుగా వాడుతున్నాను. ఆ గొడవలో ఒక్క వికీపీడియా చిరునామాకే ఏమీ కాలేదు. ఎందుకంటే అందులో జిల్లా పేరు లేదు. వ్యాసం లోపల జిల్లా మార్చారు, వర్గాలు మార్చారు, బయటి తలుపు అదే.

తెలంగాణలో పని ఇంత తేలిగ్గా లేదు. 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 చేసినప్పుడు కొత్త మండలాలు కూడా పుట్టాయి. ఊరు పాత మండలం నుంచి కొత్త మండలానికి పోతే, బ్రాకెట్లో పేరు మారాలి. అంటే చిరునామా మారాలి. అక్కడే దారిమార్పు పనికొస్తుంది. పేజీని కొత్త పేరుకు తరలించినప్పుడు పాత పేరును చెరిపేయరు. అక్కడ ఒక్క వాక్యం వదిలిపెడతారు: దారిమార్పు అని రాసి, పక్కన కొత్త పేరు. పాత చిరునామా పట్టుకుని వచ్చినవాణ్ని చెయ్యి పట్టుకుని కొత్త ఇంటికి తీసుకెళ్తుంది. రాజమండ్రి అని కొట్టి చూడండి. రాజమహేంద్రవరం పేజీ తెరుచుకుంటుంది, పేరు కింద చిన్న అక్షరాల్లో రాజమండ్రి నుంచి వచ్చారని కూడా చెబుతుంది. 2015లో ప్రభుత్వం పేరు మార్చింది గానీ జనం నోట రాజమండ్రి పోలేదు. రెండు పేర్లకూ మర్యాద దక్కింది.

ఇది చిన్న పని అనుకోకండి. ఇల్లు మారితే పోస్టాఫీసులో కొత్త చిరునామా రాసిచ్చి వస్తాం, వాళ్లు కొన్నాళ్లు మళ్లించి పంపుతారు. ఇక్కడ ఆ కొన్నాళ్లకు గడువు లేదు. పదేళ్ల కిందట ఎవరో పుస్తకంలో వేసిన చిరునామా ఇవాళ్టికీ తలుపు దగ్గరికి చేరుస్తుంది. ఆ తరలింపులన్నీ చేసింది జీతం తీసుకునేవాళ్లు కాదు. రాత్రిళ్లు కూర్చుని, ఊరి తర్వాత ఊరు, ప్రభుత్వ ఉత్తర్వులు ముందు పెట్టుకుని మండలాలు సరిచూసిన మనుషులు. వాళ్ల మాటామంతీ వినాలంటే వికీపీడియాలోనే రచ్చబండ అని ఒక పేజీ ఉంది. ఒకరినొకరు గారు అని పిలుచుకుంటూ, ఈ ఊరు పేరులో దీర్ఘం ఉందా లేదా అని వాదించుకుంటూ ఉంటారు. నాకు ఆ పేజీ చదవడం అలవాటైపోయింది.

పిల్లల ప్రాజెక్టుల విషయంలో ఇంకో సౌకర్యం బాగా ఉపయోగపడుతోంది. ఒక టీచరు గారు, సమాచారం ఎక్కడి నుంచి తీశారో, ఏ రోజున తీశారో రాసి తీరాలంటారు. మంచి పట్టుదల. వికీపీడియా పేజీ ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు, ఎవరైనా దిద్దవచ్చు. అలాంటప్పుడు పేజీ పక్కన పరికరాల్లో శాశ్వత లింకు అని ఉంటుంది, దాన్ని నొక్కితే చిరునామా చివర ఒక నంబరు చేరుతుంది. ఎవరైనా పేజీని దిద్ది భద్రపరిచిన ప్రతిసారీ దానికో కొత్త నంబరు పడుతుంది. ఆ నంబరుతో వెళ్తే ఆనాటి పాఠమే కనపడుతుంది. పిల్ల రాసింది నిజంగా అక్కడ ఉందా లేదా అని టీచరు మూడు నెలల తర్వాత కూడా చూసుకోవచ్చు. అయితే ఒక మెలిక ఉంది, పాఠం ఆనాటిదే గానీ, అందులో పెట్టిన బొమ్మలూ, మూసలూ (చాలా పేజీల్లో ఒకేలా వాడే అచ్చు ముక్కలు) మాత్రం ఇప్పటివే కనపడతాయి. ప్రాజెక్టుకు బొమ్మ ముఖ్యమైతే విడిగా దించి పెట్టుకోవడం మంచిది. ఆ లింకు వేస్తున్నప్పటి నుంచి నా దగ్గర ప్రాజెక్టు చేయించుకున్న పిల్లలకు "ఎక్కడ దొరికింది" అన్న ప్రశ్న మళ్లీ రాలేదు.

సరే, అట్ట లోపలి పేజీ సంగతి. 129 అక్షరాల చిరునామాను నేను మొదట నేరుగా క్యూఆర్ కోడు చేసి చూశాను. ఒక వైపున 49 గళ్లు వచ్చాయి. అట్ట మీద నాకున్న చోటు ఒకటిన్నర సెంటీమీటరు. అంటే ఒక్కో గడి మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. చవక కాగితం మీద సిరా పాకితే గళ్లు కలిసిపోయి ముద్దయిపోతాయి. రెండు ప్రూఫులు తీశాను. నా ఫోను చదివింది, మా పక్క మెడికల్ షాపు అబ్బాయి పాత ఫోను చదవలేదు. బ్యాచ్‌లో సగం మంది ఫోన్లు అలాంటివే.

అప్పుడు దొరికింది చిట్టి చిరునామా. వికీమీడియా వాళ్లు 2019లో తమ సైట్ల కోసం తామే పెట్టుకున్న పొట్టి లింకుల సేవ అది. డబ్ల్యూ డాట్ వికీ, గీత, ఆ తర్వాత నాలుగైదు అక్షరాలు. ఏ పేజీలో అయినా పరికరాల్లో ఆ లింకు ఉంటుంది, పక్కనే క్యూఆర్ కోడు దించుకునే వీలు కూడా పెట్టారు. ఖాతా అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, 14 రోజుల గడువు లేదు. వాళ్ల సైట్ల చిరునామాలకు తప్ప బయటి వాటికి పని చేయదు, కాబట్టి మధ్యలో ఎవరో ఇంకెక్కడికో మళ్లిస్తారన్న బెదురూ లేదు. దానితో కోడు చేస్తే ఒక వైపున 25 గళ్లే. అదే ఒకటిన్నర సెంటీమీటరులో గడి రెట్టింపు పెద్దదయింది. మెడికల్ షాపు ఫోను ఒక్క క్షణంలో పట్టేసింది. నేను ప్రింటుకు పంపించేశాను.

ఒక్క జాగ్రత్త. ఆ చిట్టి చిరునామాలో ఇంగ్లీషు పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా ఉంది. అందంగా ఉంటుందని అన్నీ పెద్దక్షరాలు చేశామంటే వేరే పేజీకి పోతుంది, లేదా ఎక్కడికీ పోదు. పైగా చిట్టిది చూస్తే ఏ ఊరిదో తెలియదు. అందుకని నేను కోడు కింద తెలుగులో "భట్టిప్రోలు, తెలుగు వికీపీడియా" అని కూడా వేశాను. స్కాన్ చేయలేనివాడు ఆ పేరుతో వెతుక్కోగలడు. మా పనిలో ఉన్నవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను: కోడు ఒక్కటే వేయకండి, పేరు కూడా వేయండి.

వ్యాసాల విషయానికి వస్తే, చిరునామా తిన్నగా తీసుకెళ్లిన ప్రతిచోటా ఇల్లు నిండుగా ఉంటుందని చెప్పలేను. చిన్న ఊళ్ల పేజీలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. 2011 జనగణన ప్రకారం ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు, సమీప బాలబడి ఎక్కడ, సమీప జూనియర్ కళాశాల ఎక్కడ. ఆ లెక్కలు కూడా పాతబడ్డాయి, కానీ 2021లో జరగాల్సిన జనగణనే వాయిదా పడినప్పుడు వికీవాళ్లను ఏమనగలం? ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ తిరునాళ్లకు జనం వస్తారు, ఇవి చాలా పేజీల్లో లేవు. ఆత్మీయ సమ్మేళనానికి వచ్చినవాళ్లు వెతికేది అవే. నేను మా అమ్మ పుట్టిన ఊరి పేజీలో శివారు పల్లె పేరు ఒకటి దీర్ఘం తప్పుంటే దిద్దాను. నొక్కిన వెంటనే మారిపోయింది. చేతులు వణికాయి, నిజంగా. 16 ఏళ్లుగా వేల పేజీలు కంపోజ్ చేశాను గానీ, అందరికీ కనపడేచోట నా అంతట నేను ఒక అక్షరం దిద్దడం అదే మొదటిసారి.

మార్కులు వేయమంటే చిరునామాల పనితనానికి ఐదుకు నాలుగున్నర వేస్తాను. ఆ అర కోసింది చివర కనపడని గుర్తుకూ, 85 గుర్తుల హద్దుకూ. చిన్న ఊళ్ల వ్యాసాలకు ఐదుకు మూడు. పెద్ద ఊళ్ల పేజీలు, చరిత్ర వ్యాసాలు అంతకన్నా చాలా బాగుంటాయి.

పోయిన నెలలో మా దగ్గరి పల్లె ఒకదాని గ్రంథాలయం నుంచి ఇద్దరు వచ్చారు. ఆ పుస్తకం చూశారట. తమ ఊరి పేజీ చిరునామా గోడ మీద బోర్డులో కావాలన్నారు. ఫ్లెక్సీ అయితే రెండు ఎండాకాలాలకు వెలిసిపోతుంది కదా, రేకు మీద పెయింటుతో రాయించండి, ఇరవై ఏళ్లు ఉండాలి అన్నారు. ఇంతకుముందయితే వెబ్ చిరునామాను పెయింటుతో రాయించొద్దని చెప్పి ఉండేదాన్ని. ఈసారి ఒప్పుకున్నాను. ఊరి పేరు తెలుగులో పెద్దగా, దాని కింద చిట్టి చిరునామా. పెయింటరు పెద్దాయనకు పక్కనే కూర్చుని ఒక్కో అక్షరం ఇది పెద్దది, ఇది చిన్నది అని చెబుతూ రాయించాను. ఆరాక నా ఫోన్లో అక్షరం అక్షరం చూసి కొట్టాను. ఊరి పేజీ తెరుచుకుంది. బోర్డు ఆటోలో ఎక్కించి పంపాను.